సెన్సర్‌కి పెట్టిన బొట్టు

సీతాలు కళ్లు తెరిచిందా లేదా అని పోయిన వారం నుంచి అడుగుతున్నవాళ్లకు ముందు ఆ సంగతి చెప్పేస్తాను. తెరిచింది. ఆస్పత్రిలో సెలైను ఎక్కించి మర్నాడే ఇంటికి పంపించేశారు. చేపలు పట్టేవాళ్లుండే ఆర్యపల్లిలో తల్లి దగ్గర ఉంది. గేట్ బజార్‌లోని శ్రీ విశాలాక్షి వస్త్రాలయంలో చీరకి ఫాల్ కుడుతూ కుడుతూ, సూది చేతిలో ఉండగానే ఆ మనిషి పక్కకి ఒరిగిపోయింది చూశారూ, ఎందుకలా జరిగిందన్నదానికి మాత్రం కొట్లో తలా ఒక కథ అల్లేశారు. పొద్దున్న తినకుండా వచ్చి ఉంటుందని కౌంటర్ మీది మనిషి అన్నాడు. ఈ ఆడవాళ్లకి ఉపవాసాలెక్కువని యజమాని గౌరీశంకర్ అన్నాడు. ఆ గదిలో గాలి లేదన్న మాట మాత్రం ఎవరి నోటా రాలేదు.

గాలి సంగతి చూడ్డానికే మధులత ఇవాళ వచ్చింది. గౌరీశంకరే ఫోన్ చేసి పిలిచాడు. "మీ మిషనేదో పాడైందని కింద ఆడోళ్లు గోల పెడుతున్నారు, వచ్చి ఓపాలి సూసి పో అమ్మాయ్. మద్దేనం నర్సింగ్ హోం వాళ్లొస్తున్నారు, శరత్ తీసుకొస్తున్నాడు. వాళ్ల ముందు రచ్చ ఉండకూడదు," అన్నాడు. గౌరీశంకర్ ఆమె భర్త శరత్ చంద్రకి మేనమామ. మేనమామ పిలిస్తే కోడలు రాక తప్పుతుందా, స్కూటర్ వేసుకుని వచ్చింది.

కొత్తగా చదువుతున్నవాళ్ల కోసం ఈ మొగుడూ పెళ్లాల వ్యాపారం గురించి రెండు మాటలు. గోడలు పగలగొట్టకుండా, వైర్లు లాగకుండా, పెద్ద పెద్ద కొట్లలో కరెంటు ఖర్చు తగ్గించే ఏర్పాటు చేస్తారు వీళ్లు. ప్రతి గది పైకప్పుకీ ఒక తెల్లటి సెన్సర్ పెడతారు. మనిషి కదులుతుంటే అది కనిపెట్టి ఫ్యానూ ఏసీ వేస్తుంది, మనిషి వెళ్లిపోతే ఆపేస్తుంది. ఆ సెన్సర్లన్నీ మెట్ల కింద ఉన్న ఒక పెట్టెతో మాట్లాడతాయి, ఆ పెట్టె మధులత ఫోన్‌తోనూ శరత్ ఫోన్‌తోనూ మాట్లాడుతుంది. మధులత ఇంజనీరు. శరత్ బేరాలు మాట్లాడతాడు. ఇల్లు పైన, ఆఫీసు కింద.

మధులత ఈ పనిని మనస్ఫూర్తిగా నమ్మింది. బడిపంతులు కూతురు. గది దాటేటప్పుడు స్విచ్చి ఆపకపోతే ఇంట్లో అన్నం ముందు కూర్చోనిచ్చేవారు కాదు. మనిషి లేని గోదాముల్లో పొద్దస్తమానం తిరిగే ఫ్యాన్లని చూసి కడుపు మండీ మండీ ఈ చదువు చదివింది. విశాలాక్షి వస్త్రాలయం నాలుగంతస్తుల్లోనూ ఈ ఏర్పాటు దివ్యంగా పనిచేస్తోంది కూడా. చెడింది ఒక్క భూమిలోపలి గదిలోనే.

ఆ గదిలోకి మెట్లు దిగుతుంటేనే ముక్కుకి తగిలింది. కొత్త పట్టు వాసన, గంజి వాసన, వాటి మీద మనుషుల చెమట. కిటికీ లేని గది. ఆశ్వయుజం వచ్చినా బరంపురంలో ఉక్క తగ్గదని అందరికీ తెలుసు, పైన వీధిలోనే ఒళ్లు జిడ్డుగా ఉంటే ఇక్కడ చెప్పాలా. చాపల మీద ఆడవాళ్లు వరసగా కూర్చుని, ఒళ్లో పెట్టుకున్న పట్టుచీరల మీద చెమట చుక్క పడకుండా మెడలు వెనక్కి పెట్టి కుడుతున్నారు. చుక్క పడితే చీర పాడవుతుంది, పాడైతే ఊరుకోరు. లైటు మాత్రం మామూలు స్విచ్చి మీదే వెలుగుతోంది. చీకట్లో కుట్టడం కుదిరితే అదీ ఆపేసేవారే.

"ఈ ఉక్కలో ఎలా కూకుంటున్నారు కాసులమ్మా?" అంది మధులత.

కాసులమ్మ అందరిలోకీ పెద్దది. తల ఎత్తలేదు. "కూకోకపోతే ఇంటికి ఎల్లిపొమ్మంటారు గదమ్మా."

"ఫ్యాన్లు తిరగట్లేదని పైన సెప్పారా?"

"సెప్పకేటి. సేతులూపండి, మిసను మిమ్మల్ని సూడాల, సూస్తే గాలొస్తాది అన్నారు. సూదులు ఒగ్గీసి ఊపినాం. ఊపి ఊపి రెక్కలు నొప్పెట్టినాయి గానీ గాలి రానేదు."

మధులత గుమ్మం పక్క గోడ చూసింది. సెన్సర్ ఎప్పుడైనా మొరాయిస్తే చేత్తో వేసుకోవడానికని తనే దగ్గరుండి ఒక స్విచ్చి పెట్టించింది అక్కడ. ఇప్పుడు దాని మీద తెల్లటి ప్లాస్టిక్ పలక బిగించి ఉంది. నాలుగు మూలలా కొత్త స్క్రూలు. ఎవరు బిగించారని అడిగితే, కరెంటు పని చేసే మనిషొచ్చి బిగించి పోయాడని చెప్పారు.

స్టూలు తెప్పించుకుని ఎక్కింది. అరచెక్క నిమ్మకాయంత సెన్సర్. పైనున్న ప్లాస్టిక్ గుల్ల ఊడదీసి చూస్తే, దాని సన్నటి గీతల్లో ఎర్రగా ఎండిపోయి ఏదో ఇరుక్కుని ఉంది. గోటితో గీకి వాసన చూసింది. గంధం, కుంకుమ.

"ఇదేటిది?"

సూదులు ఆగాయి. ఆడవాళ్లు ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు. చివరికి కాసులమ్మే దారం కొరికి చెప్పింది. "ఇస్సకర్మ పూజనాడు బొట్టెట్టినారు."

ఈ ఊళ్లో విశ్వకర్మ పూజనాడు బొట్టు తప్పించుకున్న యంత్రం ఉండదు. ఆటోలకి, కుట్టుమిషన్లకి, జనరేటర్లకి, లిఫ్టులకి, ఆఖరికి బిల్లులు కొట్టే కంప్యూటర్‌కి కూడా గంధం పూసి కుంకుమ అద్దుతారు. అందులో తప్పేం లేదు, అన్నం పెట్టే వస్తువుకి దణ్ణం పెట్టుకోవడం మంచి అలవాటే. కానీ సెన్సర్ నడిమధ్యన, అది చూసే చోటే గంధం మెత్తితే దానికింక మనుషులు కనబడరు. గదిలో ఎవరూ లేరనుకుని గాలి ఆపేస్తుంది. ఇన్నేళ్ల చదువులో ఈ జబ్బు గురించి మధులతకి ఎవరూ చెప్పలేదు. ఒక్క క్షణం ఆమెకి నవ్వు కూడా వచ్చింది.

"ఎవరు పెట్టారు?"

"అది అయ్యగోర్నే అడగండి," అంది కాసులమ్మ. "తుడిసింది మాత్రం సీతాలు. కొంగు తడుపుకుని ఈ స్టూలే ఎక్కి తుడిసింది. పంకా గిర్రున తిరిగింది. ఆ పూట సల్లగా కుట్టుకున్నాం. మర్నాడు పొద్దున్నే మళ్లీ ఆగిపోనాది. అది మొదలు తిరగనేదు. ఆ తరవాతే గదా పిల్ల పడిపోనాది."

మధులతకి నవ్వు పోయింది. గుల్లని తన చున్నీతో శుభ్రంగా తుడిచి మళ్లీ తగిలించి, దాని ఎదుట చెయ్యి ఆడించింది. లోపల చిన్న దీపం వెలిగింది. అంటే సెన్సర్ చూస్తోంది. గదినిండా మనుషులున్నారని దానికి తెలుస్తోంది. అయినా ఫ్యాన్ కదల్లేదు. ఫోన్ తీసి చూస్తే మిగతా అంతస్తులన్నీ పచ్చగా ఉన్నాయి, ఈ గది ఒక్కటే ఎర్రగా, ఆపి ఉంచినట్టు ఉంది. వేద్దామని తాకితే పాస్‌వర్డ్ అడిగింది. తనకు తెలిసినదాన్ని ఒప్పుకోలేదు. ఎవరో మార్చారు. యంత్రం చెడిపోవడం వేరు, గాలి రాకుండా పైనుంచి ఎవరో తాళం వెయ్యడం వేరు.

చరచరా మెట్లెక్కి పైకి వెళ్లింది. మొదటి అంతస్తులో అద్దాల వెనక పట్టుచీరలు కట్టుకుని నిలబడ్డ బొమ్మలకి ఏసీ నడుస్తోంది. ఎవరూ లేకపోయినా అక్కడ ఆపొద్దని గౌరీశంకర్ మొదట్లోనే షరతు పెట్టాడు, వీధిలోంచి చూసేవాళ్లకి కొట్టు చల్లగా కనబడాలిట. ప్లాస్టిక్ బొమ్మలకున్న యోగం కింద కూర్చున్న ఆడవాళ్లకి లేకపోయింది. ఇన్నాళ్లూ ఆ బొమ్మల పక్కనుంచే నడిచి వెళ్లింది మధులత. ఇవాళే వాటిని చూస్తే రోత పుట్టింది.

గౌరీశంకర్ తన గదిలో బర్ఫీ తింటూ కూర్చున్నాడు. ఆ చల్లదనానికి మధులత వీపు మీది చెమట ఒక్కసారి గడ్డకట్టినట్టయింది.

"రా అమ్మాయ్, కూకో. బాగైందా?"

"బాగయ్యేదేం లేదు మావయ్యా. మిషన్ బాగానే ఉంది. కింద గదికి గాలి ఎవరో కావాలని ఆపేశారు."

"అదా, నువ్వొచ్చి సూస్తే ఆ ఆడోళ్లు ఊరుకుంటారని పిలిచాను," అని చేతులు తుడుచుకుని ఫోన్ అందుకున్నాడు. "ముందు ఇది సూడు. కడుపుబ్బ నవ్విస్తాది. మా వాకింగోళ్లు రోజూ అడిగి మరీ సూస్తున్నారు."

కింద గదిలో ఉన్న సీసీ కెమెరాలోంచి తీసిన వీడియో అది. చాపల మీదినుంచి ఆడవాళ్లు ఒక్కొక్కళ్లే లేస్తున్నారు. పైకప్పు కేసి చూస్తూ చేతులెత్తి అటూ ఇటూ ఊపుతున్నారు. ఒకామె అలిసిపోయి కూర్చుంటే ఇంకొకామె లేస్తుంది. దానికి వెనకాల ఎవరో భజన పాట అతికించారు. తాళానికి సరిగ్గా చేతులు ఊగుతుంటే గౌరీశంకర్ బొజ్జ కూడా ఊగుతోంది.

"సూడు సూడు, ఈ ముసల్ది సూడు, సాక్షాత్తు దేవుడొచ్చినట్టే," అన్నాడు.

నడి మధ్యన సీతాలు ఉంది. రెండు చేతులూ పైకెత్తి, నోరు తెరిచి, ఊపిరి కోసం మొహం పైకి పెట్టి ఉంది. చెమటకి జాకెట్ ఒంటికి అంటుకుపోయింది. గౌరీశంకర్ రెండు వేళ్లతో ఆ బొమ్మని పెద్దది చేశాడు. చేసి, ఆపి, కోడలి మొహంలోకి చూశాడు, ఆమె కూడా నవ్వుతుందని.

మధులత ఫోన్ మీదినుంచి చూపు తిప్పేసుకుంది. ఈ మనిషి ఇంట్లో పెళ్లిళ్లకీ పూజలకీ వెళ్లి కాళ్లకి దణ్ణం పెట్టింది. ఈ వేళ్లే తన తల మీద అక్షింతలు వేశాయి. ఆ వేళ్లతోనే ఇప్పుడు ఊపిరాడని ఆడదాని ఒంటిని పెద్దది చేసి చూపించాడు, పక్కన బర్ఫీ పెట్టుకుని. ఇంత నీచమైన నవ్వుని ఇంత దగ్గరగా ఆమె ఎప్పుడూ చూడలేదు.

"దీన్ని ఎంతమందికి పంపారు?"

"ఏటంత మొహం పెడతావు? తమాషాకి. వాళ్లకేం తెలుస్తాది."

"బొట్టు పెట్టిందెవరు మావయ్యా?"

"నానే," అన్నాడు గర్వంగానే. "మొత్తం కొట్టంతా నా సేత్తోనే పెట్టాను. పంతులు ఒద్దన్నా స్టూలెక్కాను. ఫొటో కూడా ఉంది, సూపించమంటావా? మీరు పెట్టిన మిషనే కదా, బొట్టు పెట్టకపోతే మళ్లీ మీరే అనుకుంటారు."

"దానివల్ల గాలి ఆగిపోయిందని ఎప్పుడు తెలిసింది?"

"మర్నాడే తెలిసింది. వెంటనే శరత్‌కి ఫోన్ చేశాను. దాచడానికేముంది, వాడే సెప్పాడు, తుడవకు మావయ్యా, ఉంచీ అని. ఆ నెల కరెంటు బిల్లు సూసి నానే నమ్మలేదు. నర్సింగ్ హోం వాళ్లకి సూపించుకోడానికి ఇంతకంటే ఏం గావాల అన్నాడు. ఈలోపల ఆ చేపలోళ్ల పిల్ల ఎక్కి తుడిసీసింది. మళ్లీ ఫోన్ చేశాను. నవ్వాడు. మీ ఇంట్లోంచే, కాఫీ తాగుతా తాగుతా, ఫోన్లోంచి ఆపేశాడు. నీకు సెప్పలేదా?"

చెప్పలేదు. ఆ రోజులన్నీ మధులతకి కళ్లముందు తిరిగాయి. రోజూ పొద్దున్న ఎదురుగా కూర్చుని కాఫీ తాగాడు. ఆ కాఫీ తనే కలిపి ఇచ్చింది. అతను ఫోన్ మీద వేలు పెట్టి ఒక్కసారి నొక్కి, పంచదార తక్కువైందని చెప్పి, పేపర్ తిరగేసి ఉంటాడు. ఆ వేలి కింద ఇక్కడ ఇంతమంది ఊపిరి ఆగింది. సీతాలు పడిపోయిందని తెలిసిన రోజు "అయ్యో పాపం" అన్నది కూడా ఇతనే. మేనమామ మీద కలిగిన అసహ్యం ఒక రకం, అది బయటివాడి మీద కలిగేది. ఇది తన కంచంలో, తన పక్కలో ఉన్న మనిషి మీద పుట్టింది. దీన్ని ఎలా మోయాలో ఆమెకి తెలియలేదు.

"ముందు ఫ్యాన్లు వెయ్యమనండి," అంది.

"ఏస్తాడులే. వాళ్లొచ్చి ఎల్లిపోనీ."

"ఇప్పుడే వెయ్యమనండి. లేకపోతే వచ్చినవాళ్లకి నేనే సెప్పేస్తాను."

గౌరీశంకర్ మొహంలో నవ్వు పోలేదు, కొంచెం చిన్నదైందంతే. "సెప్పు తల్లీ. సెప్పి, సాయంత్రం అదే ఇంటికెల్లి అదే మొగుడికి అన్నం పెట్టు. సూడు అమ్మాయ్, ఇక్కడెవరో పడిపోయారని ఆ నర్సింగ్ హోం ఢిల్లీశ్వరరావు గారికి ఎలాగో తెలిసింది. మీ మిషన్ వల్లనా అని అడుగుతున్నారు. దానికీ శరత్ ఏర్పాటు చేశాడు. నువ్వు నోరు మూసుకుని పక్కన నించో, చాలు."

ఏం ఏర్పాటో అడిగే లోపలే కింద కారు హారన్ వినబడింది.

ఢిల్లీశ్వరరావు గారు పెద్ద ఉద్యోగం చేసి రిటైరై, లంజిపల్లిలో కడుతున్న ఒక నర్సింగ్ హోంకి అన్నీ తానై చూసుకుంటున్న మనిషి. మర్యాదస్తుడు. ఆయన వెంట ఇద్దరు డాక్టర్లు వచ్చారు. శరత్ చంద్ర ఇస్త్రీ చొక్కాలో ముందు నడుస్తూ టీవీలో వార్తలు చదివే తెలుగు మాట్లాడుతున్నాడు. ఇంట్లో "ఏటి, ఏల" అనే మనిషి కొనుగోలుదారు కనబడితే చాలు, మాట మార్చేస్తాడు. ఇదివరకు దీన్ని చూసి మధులత మురిసిపోయేది, ఎంత ఒడుపుగా మాట్లాడతాడో అని.

"ఇదిగోండి సార్, గమనించండి," అని ట్రయల్ రూములోకి అడుగుపెట్టాడు. దీపాలు వెలిగాయి. బయటికొచ్చాడు. కాసేపటికి ఆరిపోయాయి. డాక్టర్లు ముచ్చటపడ్డారు. ఇంకోసారి వెళ్లిరమ్మన్నారు, వెళ్లొచ్చాడు. అందరినీ గౌరీశంకర్ గదిలోకి తీసుకొచ్చి, కింద గదిలో అసలు ఏమీ ఖర్చే లేదని ఫోన్‌లో చూపించాడు. "ఆ గది దాదాపు వాడరు సార్," అన్నాడు.

మధులత అతని మొహం చూస్తూ నిలబడింది. అతను ఆమెను చూసి, ఫొటోకి నవ్వినట్టు నవ్వాడు.

"బాగుంది ఆజ్ఞా, చాలా బాగుంది," అన్నారు ఢిల్లీశ్వరరావు గారు, అండీ అనడానికి ఒడియా మాట వాడి. "మేం ముందు బాలింతల గదుల్లోనే పెట్టిద్దాం అనుకుంటున్నాం. వాళ్లు లేచి స్విచ్చిలు వేసుకోలేరు కదా, మీ మిషనే చూసుకుంటాది. కానీ ఒక్క అనుమానం. ఇక్కడో ఆడమనిషి ఊపిరాడక పడిపోయిందని విన్నాను. నిజమేనా?"

"నిజమే సార్. దాచే అలవాటు మాకు లేదు," అన్నాడు శరత్. "ఆవిడనే అడగండి." గుమ్మం కేసి తిరిగి చెయ్యి ఊపాడు.

గుమ్మం అవతలి నుంచి సీతాలు వచ్చింది. గోడ పట్టుకుని నడుస్తోంది. బుగ్గలు పీక్కుపోయాయి. ఒంటి మీద ఈ కొట్లోదే కొత్త చీర, మడతల గీతలు ఇంకా పోలేదు. పొద్దున్నే ఆర్యపల్లి వెళ్లి, ఆటోలో కూర్చోబెట్టి తనే తీసుకొచ్చానని శరత్ వినయంగా చెప్పాడు. మంచంలో ఉన్న మనిషిని లేపి తీసుకొచ్చాడన్నమాట. ఇదీ ఏర్పాటు.

"సెప్పమ్మా, బయపడకు," అన్నాడు గౌరీశంకర్, మేకకి ఆకు చూపించే గొంతుతో.

సీతాలు ఎవరి మొహమూ చూడలేదు. "నానే బాబూ. ఇస్సకర్మ పూజనాడు నానే దానికి బొట్టెట్టినాను. మంచిదనుకున్నాను. దానివల్ల పంకా ఆగిపోతాదని నాకు తెల్దు. తప్పు నాదే. కొట్టోల్ల తప్పు నేదు, మిసను తప్పు నేదు." పాఠం అప్పజెప్పినట్టు అప్పజెప్పింది.

ఒక్క క్షణం అందరూ ఒకళ్లనొకళ్లు చూసుకున్నారు, తరవాత హాయిగా నవ్వేశారు. డాక్టర్లలో ఒకాయన "పాపం" అన్నాడు. ఇంకొకాయన, మా దగ్గర కుంకుమ భరిణెలు గేటు దగ్గరే తీసేసుకోవాలి అన్నాడు. దానికి ఇంకాస్త నవ్వారు. "భక్తితో చేసింది, తీసేస్తామా ఏటి. పనిలోనే ఉంచుతున్నాం. చీర కూడా పెట్టాం," అన్నాడు గౌరీశంకర్, తన దయకి తనే కరిగిపోతూ. బొట్టు పెట్టినవాడు కుర్చీలో కూర్చుని క్షమించేస్తుంటే, తుడిచిన మనిషి గోడకి ఆనుకుని ఆ క్షమని పుచ్చుకుంటోంది. ఆ గదిలో నించోవడమే ఒంటికి మురికి పట్టినట్టుంది మధులతకి.

ఢిల్లీశ్వరరావు గారు పెద్దమనిషి కనుక ఆమె కేసి కూడా తిరిగారు. "ఇంజనీరు మీరే కదమ్మా. మీరు ఒక్క మాట చెప్పేస్తే నాకు ధైర్యం. ఆవిడ చెప్పింది నిజమేనా? అంతేనా, ఇంకేం లేదా?"

శరత్ ఆమె మోచేతి మీద చెయ్యి వేశాడు. మెల్లిగా, ప్రేమగానే వేశాడు. ఆమె ఆ చేతిని విదిలించుకుంది. కాన్పై, లేవలేక పడుకున్న ఆడవాళ్ల గదికి ఇదే మనిషి ఫోన్‌లోంచి తాళం వేస్తాడు. రేపు కాకపోతే ఎల్లుండి, కరెంటు ఎంత మిగిలిందో చూపించుకోవాల్సి వచ్చినప్పుడు వేస్తాడు. మళ్లీ కాఫీ తాగుతూనే వేస్తాడు.

"నిజం కాదండీ," అంది మధులత. "ఆవిడ బొట్టు పెట్టలేదు. తుడిచింది. పెట్టింది మా మావయ్య. తుడిచాక సెన్సర్ బాగానే పనిచేసింది, ఫోన్లోంచి గాలి ఆపేసింది ఈయన, నా భర్త. కింద గది వాడరని చెప్పారు కదా, దిగి చూడండి. ఇప్పుడు కూడా అందులో మనుషులు చెమటలు కక్కుతూ కుడుతున్నారు."

నవ్వులు ఆగిపోయాయి. డాక్టర్లు నేల చూశారు. గౌరీశంకర్ మొహం ఉబ్బిపోయింది. శరత్ మాత్రం ఫోన్ తీసి కిటికీ పక్కకి వెళ్లాడు. ఢిల్లీశ్వరరావు గారు కళ్లద్దాలు తీసి పట్టుకుని మెట్లకేసి నడిచారు, కింద గది చూడ్డానికే. మధులతకి గుండెల మీదనుంచి బరువు దిగినట్టయింది. సీతాలు కేసి చూసింది, ఆ మనిషి కళ్లలో కృతజ్ఞత కనబడుతుందని.

సీతాలు కళ్లలో కోపం ఉంది.

"నిన్నెవులు సెప్పమన్నారమ్మా?" అంది. గొంతు పెద్దది చెయ్యలేదు, చేసే ఓపిక లేదు. "ఏది నిజమో నాకు తెల్దా? తుడిసిన సెయ్యి నాది. అబద్దం సెప్తే పనుంచుతామన్నారు, నన్నూ నా సెల్లి చిన్నమ్మినీ. సెప్పినాను. నువ్వొచ్చి ఇంతమంది ముందర నన్ను అబద్దాలకోరుని సేసీసినావు. నీ మనసు సల్లబడింది. రేపట్నుంచి మాకు పనెవులిస్తారు? గేట్ బజార్లో ఏ కొట్టోడు పెట్టుకుంటాడు నన్ను? నువ్వు పెట్టుకుంటావా? సెప్పు."

ఎలాగో తెలియకుండానే మధులత నోటికి మాట వచ్చేసింది.

"పెట్టుకుంటాను," అంది.

సీతాలు నమ్మలేదు, అలా చూస్తూనే ఉంది. అప్పుడే కిటికీ దగ్గరినుంచి శరత్ చంద్ర గొంతు వినబడింది. ఫోన్‌లో ఇంటి దగ్గరి పనివాడితో మాట్లాడుతున్నాడు, టీవీ తెలుగు మానేసి ఇంటి తెలుగులో, తొందరేమీ లేకుండా.

"హఁ, ఇంటి తాళమూ, కింద ఆఫీసు తాళమూ, రెండూ మార్చీ. ఇప్పుడే మార్చీ. కంపెనీ నా పేరునే ఉంది, నువ్వు బయపడకు. అమ్మగోరొస్తే లోపలికి రానీకు."